ఆట తాంబూలం

కిందటివారం మనం కూర్మమ్మ గుమ్మంలో ఆగాం. ఆదివారం, పొద్దు వాలుతోంది. మలయాకి స్వతంత్రం వచ్చే మెర్దెకా పండగ వచ్చే శనివారమే. పండగనాడు జరిగే ఎస్టేట్ల కప్పు ఆఖరి పందెంలో బుకిట్ కెలాడి ఎస్టేట్ జట్టుకీ, క్లాంగ్ టౌను జట్టుకీ ఫుట్‌బాల్ పోటీ. బుకిట్ కెలాడి తరఫున ఆడాల్సిన అప్పన్న ఒళ్ళు కడుక్కోడానికి పంపు దగ్గరికి పోయాడు. అతని పెళ్ళాం కూర్మమ్మ అన్నం వారుస్తోంది. ఎస్టేట్ ఆఫీసు పెద్ద గుమాస్తా కాంతయ్య మడిచిన గొడుగుతో గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ ఎస్టేట్లలో గుమాస్తాని కిరాణి అంటారు గనక మనమూ కిరాణి అనే అందాం. "మీ ఆయన క్లాంగ్ వాళ్ళ తాంబూలం పుచ్చుకున్నాడంట," అన్నాడు కిరాణి.

ఆ మాటకి కూర్మమ్మ చేతిలో గిన్నె జారిందని రాస్తే బాగుండును గానీ, అలాంటిదేమీ జరగలేదు. ఆమె చివరిబొట్టు దాకా గంజి వార్చింది. గిన్నె దించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "మళ్ళీనా?" అంది.

ఎందుకంత విసుగో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. అప్పన్న మంచి ఆటగాడే, కాదనడానికి లేదు. మైదానం నడిమధ్య నిలబడి, బంతి ఎడమకి పోవాలో కుడికి పోవాలో తేల్చే సెంటర్ హాఫ్ అతను. ఎవడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో తల తిప్పకుండానే తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? ఒక్క జట్టూ అతన్ని తమవాడని అనుకోలేదు. ఎక్కడో అసలు సెంటర్ హాఫ్‌కి కాలు విరుగుతుంది, అప్పన్నకి కబురొస్తుంది. ఆ కాలు అతుక్కుంటుంది, అప్పన్నకి సెలవిస్తారు. కపార్ దగ్గర ఒక ఎస్టేట్, తెలుక్ అన్సన్ వైపు రెండు, నెగ్రి సెంబిలాన్‌లో ఒకటి, మధ్యలో బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎవరిదో క్లబ్బు. కాలికి బలపం కట్టుకుని తిరిగాడు మహానుభావుడు. దొరల పుస్తకాల్లో ఫుట్‌బాల్ ఆడే ఉద్యోగం ఉండదు గనక, వెళ్ళిన ప్రతిచోటా పొగగదిలో రబ్బరు షీట్లు ఆరవేసే పనని రాస్తారు. ఆ పనితో పాటు కూలీల లైన్లలో ఒక ఇల్లిస్తారు. పని పోతే ఇల్లూ పోతుంది.

అతను బూట్లు భుజాన వేసుకుని ముందు పోయేవాడు. మూటలు కట్టేది కూర్మమ్మ. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి తిండి చేరకూడదని ఎమర్జెన్సీ మొదలైన దగ్గర్నుంచీ ఇల్లు మారడమంటే పోలీసు స్టేషన్‌లో చెప్పుకోవాలి, గుర్తింపు కార్డు మీద ఊరు మార్పించుకోవాలి, లారీ ఎక్కించిన ప్రతి మూటా దారి పొడుగునా విప్పి చూపించాలి. ఒకసారి ఒక కానిస్టేబుల్ ఊరగాయ జాడీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఆ చెయ్యి రెండు రోజులైనా మండి ఉంటుందనుకుంది. ఆ ప్రయాణం మొత్తం మీద ఆమెకి దక్కిన సంతోషం అదొక్కటి.

బుకిట్ కెలాడికి వచ్చాక మాత్రం ఆమె మొండికెత్తింది. పొయ్యి తన చేత్తో వేసుకుంది. గోడలకి సున్నం కొట్టించింది. ఇద్దరు మగాళ్ళు కలిసినా కదలని రోలు ఏరి మరీ కొంది, ఈసారి లారీ వాడే దండం పెట్టి పోవాలని. కూతురు పాపాయి ఒకచోట అరవ బడిలో, ఒకచోట అసలు బడే లేకుండా పెరిగి, ఇక్కడి తెలుగు బడిలో మళ్ళీ అక్షరాలు దిద్దుతోంది. తెల్లారకముందే లేచి కొండ మీద రబ్బరు చెట్లకి పాలు గీసి వచ్చే కూర్మమ్మకి ఇప్పుడు కావలసింది ఈ ఇల్లు. ఇంకేం అడగడం లేదు.

ఇక తాంబూలం సంగతి. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ జట్లలో కాగితాలూ సంతకాలూ లేవు. ఆటగాణ్ణి మాట్లాడుకోవాలంటే జట్టు పెద్ద ఒక పళ్ళెంలో ఆకులు, వక్క, పండు, జట్టు రంగు అంచున్న పంచె పెట్టి అతనికి ఇస్తాడు. అతను పుచ్చుకుంటే ఆ ఏడు కప్పులన్నీ అయ్యేదాకా ఆ జట్టు మనిషి. ఒకళ్ళది ఇంట్లో ఉండగా ఇంకొకళ్ళది పుచ్చుకున్నవాడికి ఆ తర్వాత ఏ లైన్లోనూ ఇల్లు పుట్టదు. అప్పన్న ఈ ఏడు బుకిట్ కెలాడి తాంబూలం పుచ్చుకుని ఉన్నాడు.

"కూర్చోండి అయ్యా," అని స్టూలు జరిపింది కూర్మమ్మ. "ఆయన రానీండి. ఈ పాలి నిజంగా పుచ్చుకునుంటే మీకన్న ముందు నానే అడుగుతాను."

కాంతయ్య కూర్చోలేదు. కోపంగా ఉన్నప్పుడు కూర్చుంటే కోపం తగ్గిపోతుందని ఆయన భయం.

అప్పన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. కిరాణిని చూసి తువ్వాలు భుజం మీదకి లాక్కున్నాడు. మోకాలి నొప్పికి కుడి కాలు కొంచెం ఈడుస్తున్నాడు, కిరాణి చూడకుండా ఈడ్చాలని ప్రయత్నం.

"లుక్ హియర్ అప్పన్నా," అన్నాడు కాంతయ్య. "నీకు పని ఇచ్చినాను, ఇల్లు ఇచ్చినాను, ఈ కప్పుకి కేప్టెన్ కూడా చేసినాను. క్లాంగ్ జట్టు పెద్ద, ఆ బట్టల కొట్టు తిమ్మయ్య నిన్న బజార్లో పదిమందిలో నిలబడి, 'మీ కేప్టెన్ మా పంచె కట్టుకుంటాడులే' అని నవ్వుతున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?"

"నాను పుచ్చుకోలేదు అయ్యా."

"తిమ్మయ్య అబద్ధం ఆడుతున్నాడా?"

"ఆడతన్నాడో లేదో నాకేటి తెలుసు. నా సేత్తో నాను ఆ పల్లెం ముట్టలేదు."

"రామభజన మందిరంలో దీపం ముందు చెప్తావా?"

"ఇప్పుడే పదండి. సెప్తాను."

ఆ మాట వినగానే కూర్మమ్మకి ప్రాణం లేచొచ్చింది. అప్పన్నలో ఎన్ని అవలక్షణాలున్నా దీపం ముందు అబద్ధం ఆడడు. ఎప్పుడో ఒక పందెంలో బంతి చేతికి తగిలితే రిఫరీ చూడకపోయినా తనే చెప్పేసి, జట్టు ఓడిపోయేలా చేసిన మనిషి. అందుకూ ఒక ఊరు వదలాల్సి వచ్చిందనుకోండి.

"ఇన్నారు గదా అయ్యా," అంది ఆమె. "తిమ్మయ్యగోరు మిమ్మల్ని ఉడికించనాకి అన్నారు. కూకోండి, కాఫీ తెత్తాను."

కిరాణి గొడుగు గోడకి ఆనించబోయి ఆగాడు. "అట్లయితే శుక్రవారం గేటు దగ్గర వాచ్‌మేన్ చూసినదేంటి? తిమ్మయ్య కారు వచ్చింది. ఆయన వైఫ్ పుష్పవల్లి పళ్ళెంతో దిగి ఈ లైన్‌కే వచ్చిందంట. పళ్ళెం తీసుకొచ్చి ఎవరికి ఇచ్చింది?"

కూర్మమ్మ కాఫీ మాట మర్చిపోయింది.

పుష్పవల్లి వచ్చింది నిజమే. శ్రావణమాసం ఆఖరి శుక్రవారం. మధ్యాహ్నం కూర్మమ్మ తలంటి పోసుకుని, లక్ష్మీదేవి పటానికి పువ్వు పెట్టి లేచి తలుపు తీసేసరికి, పట్టుచీర కట్టుకున్న ఆ పెద్దింటి ఆడమనిషి గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. పేరంటం తాంబూలం ఇచ్చుకోడానికి వచ్చానంది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, పళ్ళెం చేతిలో పెట్టింది. అంత దూరం నుంచి ఎందుకొచ్చిందని కూర్మమ్మకి అనిపించకపోలేదు. కానీ శ్రావణ శుక్రవారం ముత్తయిదువ తెచ్చిన తాంబూలాన్ని ఎందుకు తెచ్చావని అడిగే ఆడది ఎక్కడుంది? కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. ఆకుల కింద రవికల గుడ్డ, దాని కింద ఒక పంచె. దంపతులకి కలిపి ఇచ్చారు కాబోలు, ఎంత మర్యాద తెలిసిన మనిషి అని కూడా అనుకుంది.

ఆమె లోపలికి వెళ్ళి పెట్టె మీద పెట్టిన పంచె తెచ్చింది. కిరాణి చూస్తుండగానే మడత విప్పింది. నీలం అంచు, మధ్యలో సన్నగా పసుపు గీత. క్లాంగ్ జట్టు రంగులు. ఇన్నాళ్ళుగా మొగుడి ఆట బట్టలు ఉతుకుతున్న మనిషికి శుక్రవారం నాడు ఆ రంగులు కళ్ళకి ఆనలేదంటే తనమీద తనకే ఒళ్ళు మండింది.

"నానే పుచ్చుకున్నాను అయ్యా," అంది. "పేరంటం అనుకున్నాను."

కాంతయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పెళ్ళాం పుచ్చుకుంటే ఇల్లు పుచ్చుకున్నట్టే అంటాడు తిమ్మయ్య. పదిమందీ అవునంటారు. ఏంటమ్మా ఇది, తెలివైనదానివి అనుకున్నాను."

"ఇల్లు పుచ్చుకున్నట్టేటి? నా సేతిలో ఎట్టినారు, నాను పుచ్చుకున్నాను. ఆడమంటే నన్నే ఆడమనండి. శనారం నానే వత్తాను. బూట్లు తీసుకొచ్చి నాకియ్యమనండి, సెంటర్ హాఫో గాడిద గుడ్డో నానే నిలబడతాను నడిమధ్యని."

కిరాణి మూతి కొంచెం వణికింది. నవ్వు వచ్చిందని ఒప్పుకోవడం ఇష్టం లేక దగ్గాడు. "సరి, సరి. పందెం ముందర తిరిగి ఇచ్చేస్తే ఆట తాంబూలం లెక్కలోకి రాదు, తెలుసు కదా. ఎవరి చేత్తో పుచ్చుకున్నారో ఆ చేత్తోనే ఇవ్వాల. రేపు నా కార్లో వచ్చి పుష్పవల్లికి ఇచ్చేసి వచ్చేయ్. కథ అయిపోతుంది."

"ఎలాగిత్తాను? పసుపు కుంకం తిరిగిచ్చీమంటారేటి?"

కాంతయ్య ఇంట్లోనూ ఆడవాళ్ళున్నారు. శ్రావణమాసంలో పుచ్చుకున్న పసుపు కుంకుమ వెనక్కి పట్టుకెళ్ళి ఇచ్చిరమ్మని ఆయన భార్యతో అనగలడా? అంటే ఆ పూట అన్నం పెడుతుందా? మింగలేక కక్కలేక గొడుగు కర్రతో నేల మీద గీతలు గీశాడు.

"పంచె మట్టుకు ఇచ్చేస్తే?" అన్నాడు చివరికి.

"తాంబూలంలో కొంత ఉంచుకుని కొంత ఇత్తారేటయ్యా ఎవులైనా?"

ఎంత గట్టిగా ముడి వేశారో కూర్మమ్మకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. మగవాడి చేతికిస్తే కాదనవచ్చు, తర్వాత తిరిగి ఇవ్వవచ్చు. ఆడదాని చేతికి, అదీ శ్రావణ శుక్రవారం ఇస్తే కాదనడానికీ లేదు, ఇవ్వడానికీ లేదు. బట్టల కొట్టు తిమ్మయ్యకి ఇంత ఆలోచన ఎలా వచ్చింది? సరే, ఆలోచన వచ్చిందే అనుకుందాం. తను శ్రావణ శుక్రవారాలు చేస్తున్నానని ఆయనకెలా తెలిసింది?

ఎందుకంటే ఆమె ఏనాడూ చెయ్యలేదు. కొండకీ లైనుకీ మధ్య తిరిగే కూలిమనిషికి నోములూ వ్రతాలూ ఎక్కడివి? ఈ ఏడే మొదలుపెట్టింది. ఈ ఇంట్లోంచి కదలకుండా ఉంటే శ్రావణమాసం నాలుగు శుక్రవారాలూ పచ్చి గంగ ముట్టకుండా చేస్తానని మొక్కుకుంది. పక్కింటి లెచ్చుమికి కూడా తెలియకుండా, తలుపు వేసుకుని పటానికి దండం పెట్టుకునేది. మొక్కు సంగతి ఈ భూమ్మీద ఒకే ఒక్క మనిషికి చెప్పింది.

ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది. 'నా సేత్తో నాను ముట్టలేదు' అన్న మనిషి, దీపం ముందు చెప్పడానికి అంత చురుగ్గా లేచిన మనిషి, ఇప్పుడు తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు.

"నువ్వే సెప్పినావు," అంది కూర్మమ్మ. "శుక్కురోరం పంపించమని తిమ్మయ్యగోరికి నువ్వే సెప్పినావు."

అప్పన్న తువ్వాలుతో మళ్ళీ తల తుడుచుకున్నాడు.

"నా మొక్కు వాల్లకి సెప్పినావు."

"కూర్మీ, నా మాటిను."

"ఇన్నాను. ఇన్నేళ్ళూ ఇన్నాను. ఇల్లు నిలబడాలని నాను దండం ఎట్టుకుంతంటే, ఆ దండం అడ్డం ఎట్టుకుని ఇల్లు పీకించినావు. అదేటి బుద్ధయ్యా నీది?"

ఆమె గొంతు పెరగలేదు. అరిస్తేనే బాగుండునని అప్పన్నకి అనిపించింది. గడప లోపల గోడకి చేరగిలబడి, మోకాలు చేత్తో పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"అయ్యగోర్ని అడుగు," అన్నాడు. "మెర్దెకా ఆట అయినాక నన్నేటి సేత్తారో అడుగు. అరవ లైనులో మునియాండికి పొద్దున్నే ఎవులు నేర్పుతన్నారో అడుగు. ఇరవయ్యేళ్ళ కుర్రోడు, మోకాళ్ళు రెండూ బాగున్నాయి. వచ్చే ఏడు సెంటర్ హాఫ్ ఆ కుర్రోడే. నాకు ఎరుక."

కూర్మమ్మ కిరాణి వంక చూసింది. కాదంటాడేమోనని ఆమె చాలాసేపు చూసింది.

"టీమ్ అన్నాక వయసు చూడాల కదమ్మా," అన్నాడాయన ఇబ్బందిగా. "ఇప్పుడు పొమ్మని ఎవరన్నారు?"

"అనరు," అన్నాడు అప్పన్న. "టీ గ్లాసు సేతిలో ఎట్టి, 'బాగా ఆడినావు అప్పన్నా' అంతారు. అన్ని ఊళ్ళలోనూ అదే మాట, అదే టీ. అది ఇనలేక ముందుగానే లెగిసిపోతాను నాను. ఎవుడూ నన్ను పొమ్మనలేదు ఇంతవరకు. తిమ్మయ్యగోరు కొట్లో పని ఇత్తానన్నారు. కాలు పోయినా పని పోదు. కొట్టు ఎనక గది ఉంది. నిన్నడిగితే రావు. అందుకని..."

"అందుకని నా సేతులు కట్టీసినావు."

"నా సేత్తో పుచ్చుకుంటే రెండు తాంబూలాల మనిషినైపోతాను గదే."

"నాను పుచ్చుకుంటే నువ్వు శుద్ధం. బాగుందిలే."

కాంతయ్యకి ఇక ఓపిక పోయింది. తన గుట్టు బయటపడినవాడి కోపం మామూలు కోపం కన్నా ఎక్కువ ఉంటుంది. గొడుగు నేలకేసి కొట్టాడు.

"సుడా, చాలు. మొగుడూ పెళ్ళాం కొట్లాట మీరే చూసుకోండి. అప్పన్నా, ఈ నిమిషం నుంచి నీకు ఇక్కడ పని లేదు. దొర సంతకం రేపు పెట్టిస్తాను, మాట మాత్రం ఇవాళది. శనివారం మునియాండి ఆడతాడు. రాత్రి కర్ఫ్యూ సైరన్ మోగేలోగా ఇల్లు ఖాళీ చేయండి."

ఇల్లు ఖాళీ చేయండి. ఎన్ని ఊళ్ళలో విన్నదో ఆ మాట. విన్నప్పుడల్లా కూర్మమ్మ చేతులు వాటంతటవే దుప్పటి కోసం వెతికేవి, మూట కట్టడానికి. ఇవాళ చేతులు లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ అవి ఏడుపు నీళ్ళు కావు, ఉడుకుమోత్తనం.

"అయ్యా," అంది. "ఈ ఇల్లు ఆయన పేరునే ఎందుకున్నాది? నానూ ఈ ఎస్టేట్ మనిషినే గదా. తెల్లారగట్ల కొండెక్కి పాలు గీస్తన్నాను. నాకు పని ఉన్నాదా, పోయిందా?"

"నీకెందుకు పోతుంది? నీ పని మీద ఎవరికీ కంప్లెయింట్ లేదు."

"అయితే ఇల్లు నా పేరున రాయండి."

గోడకి ఆనుకున్న అప్పన్న తలెత్తాడు. కాంతయ్య ఆమెను కొత్తగా చూసినట్టు చూశాడు. కోపం కాస్త వెనక్కి పోయి, ఆఫీసు మనిషి ముందుకొచ్చాడు.

"రాయొచ్చు. మొగుడు పోయిన ఆడవాళ్ళకి రాసినాం. కానీ ఒకటి ఆలోచించుకో. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎమర్జెన్సీ రూల్స్ ఎత్తేసినారు. కొండ పక్కనున్నాం గనక మనకి ఇంకా ఎత్తలేదు. ఈ ఎస్టేట్‌లో పని లేని మనిషి సైరన్ మోగినాక కంచె లోపల ఉండకూడదు. ఉంటే పోలీసు కేసు. ఉంచుకున్నవాళ్ళ మీద కూడా కేసే. అప్పుడు నీ పనీ ఉండదు, ఇల్లూ ఉండదు. నేను గేటు దగ్గర చెప్పేసి పోతాను. రాయమంటావా?"

అప్పన్న ఆమె మొహంలోకి చూశాడు. మైదానంలో అందరి మనసూ ముందే కనిపెట్టే మనిషికి పెళ్ళాం ఏమంటుందో ఒక్కసారి కూడా ముందు తెలియలేదు.

"రాయండి," అంది కూర్మమ్మ.

కిరాణి ఇంకేమీ అనకుండా గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె లోపలికి వెళ్ళి అప్పన్న చొక్కా, బూట్లు, గుర్తింపు కార్డు తెచ్చి అతని పక్కన పెట్టింది. నీలం అంచు పంచె కూడా దాని మీద పెట్టింది.

"లెగు. సైరన్ కొట్టీసేలోగా గేటు దాటీయాల. తిమ్మయ్యగోరి గది ఉన్నాది గదా. పాపకి నాను సెప్పుకుంతాను."

అప్పన్న లేవలేదు.

"నిన్నే. సెవుడొచ్చినాదేటి?"

"నాను ఎల్లను," అన్నాడు.

"ఏటీ?"

"అన్ని ఊళ్ళూ ఎవుడూ పొమ్మనకుండానే వదిలీసినాను. ఇయాల పొమ్మన్నాది నువ్వు. నువ్వు పొమ్మంటే మటుకు నాను పోను."

కూర్మమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. పోవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నన్నాళ్ళూ పోయాడు. పొమ్మంటే పోనంటున్నాడు. ఈ మనిషితో ఎలా వేగడం? చెయ్యి పట్టుకుని లాగింది. మోకాలి నొప్పికి అతను మూలిగాడు గానీ కదల్లేదు. బడి మిత్రుల ఇంటినుంచి అప్పుడే వచ్చిన పాపాయి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

సైరన్ మోగింది. పొడుగ్గా మోగి, ఆగింది. దూరంగా గేటు మూసిన చప్పుడు, గొలుసు వేసిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత లైను మొదట్లో ఎవరో తలుపు మీద కర్రతో కొట్టారు. మామూలుగా అయితే కానిస్టేబుళ్ళు మొదటి ఇంటి నుంచి వరసగా మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఇవాళ మొదటి ఇంటి దగ్గర ఏదో అడిగారు, అంతే. బూట్ల చప్పుడు మిగతా ఇళ్ళు దాటుకుంటూ నేరుగా ఇటే వచ్చింది.

కూర్మమ్మ గబగబా బయటికి వచ్చి, లోపలున్న అప్పన్న కనబడకుండా తలుపు దగ్గరగా వేసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాపాయి ఆమె వెనక చేరి కొంగు పట్టుకుంది.

కానిస్టేబుల్ టార్చి ఆమె మొహం మీద వేశాడు.

"ఈ ఇల్లు ఎవరిది?" అని మలాయిలో అడిగాడు.

"నాది," అంది కూర్మమ్మ. జీవితంలో మొదటిసారి ఆ మాట అనడం.

"లోపల మగవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

(సశేషం)